లివర్ డాక్టరుకు పరిశోధన ఎందుకు అనేవాళ్ళకు

మా చెల్లి లివర్ జబ్బుల డాక్టర్. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, ఎండీ మూడేళ్ళు, ఆపైన స్పెషలిస్టు చదువు డీఎం ఇంకో మూడేళ్ళు చదివింది. ఇప్పుడు కర్నూలులోనే ఉండి, రోగులను చూస్తూనే పరిశోధన కూడా చేస్తానంటోంది. అప్పటి నుంచి చుట్టాలందరిదీ ఒకటే పాట. "ఇంత సదివి మళ్ళా ఈ రీసెర్చ్ ఏందమ్మా? గాయత్రి ఎస్టేట్స్‌లో సొంత క్లినిక్ బోర్డు పెట్టుకో, సెటిల్ అయితావు." ప్రేమతోనే అంటారు, కాదనను. అయినా విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

1978లో కాశ్మీర్ లోయలో ఊళ్ళకు ఊళ్ళు కామెర్లతో మంచం పట్టాయి. గర్భిణులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడి డాక్టర్ మహమ్మద్ సుల్తాన్ ఖురూ మందులు రాసిచ్చి ఊరుకోలేదు. ఊళ్ళు తిరిగారు, తాగే నీళ్ళ సంగతి ఆరా తీశారు, రక్తం పరీక్ష చేయించారు. అది హెపటైటిస్ ఏ కాదు, బీ కాదు. 1980లో ఆ సంగతి ప్రపంచానికి చెప్పారు. ఇవాళ హెపటైటిస్ ఈ అంటున్నది దాన్నే. రోగి మంచం పక్కన నిలబడిన డాక్టరే 'ఎందుకిలా?' అని అడిగారు కాబట్టి అది బయటపడింది.

మన దగ్గర తేల్చాల్సినవి తక్కువా? పత్తికొండ నుంచో గద్వాల నుంచో కామెర్లతో వచ్చేవాళ్ళలో చాలామంది ముందే పసరు తాగి వస్తారు. హెపటైటిస్ ఏ లాంటివి ఎక్కువమందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గిపోతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది. తగ్గని మనిషి పొట్టలో నీరు చేరి, సొంత కొడుకును కూడా గుర్తుపట్టలేని స్థితిలో వస్తాడు. అతని లివర్‌ను దెబ్బతీసింది వైరసా, సారాయా, పసరా? ఆ పసరులో ఏ ఆకు నూరారు? చెల్లి దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఏ ఊరి మనిషి ఏం తాగాడు, ఎన్నాళ్ళకు కళ్ళు పచ్చబడ్డాయి, అన్నీ రాసుకుంటుంది. ఆకు పేరు చెప్పలేకపోతే, "ఈసారి వచ్చేటప్పుడు ఒక రెమ్మ తెచ్చి చూపించు పెద్దాయనా" అంటుంది. పరిశోధన అక్కడే మొదలవుతుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుంటే ఆ ఆకు దొరకదు.

తను అడిగేది కూడా పెద్దదేమీ కాదు. వారంలో ఒకరోజు ఓపీ డ్యూటీ ఉండకూడదు. నమూనాలు దాచడానికి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కావాలి, వివరాలు రాసిపెట్టే మనిషి ఒకరు కావాలి. 1957 నుంచి మెడికల్ కాలేజీ ఉన్న ఊరు మనది. ఇక్కడ చదివినవాళ్ళు ఇక్కడే ఇలాంటి పని చేయాలంటే ఆ మాత్రం వసతి ఉండొద్దా?

ఇది చదివేవాళ్ళను ఒకటే అడుగుతున్నా. మీ ఇంట్లో ఎవరికైనా కామెర్లు వచ్చి పసరు తాగించి ఉంటే, డాక్టరు తిడతారేమోనని దాచొద్దు. ఏం తాగించారో చెప్పండి. సీసాలో కొంచెం మిగిలి ఉంటే పారబోయకుండా వెంట తెండి.