ఏడాది కోర్సులో అలవాటు పడే టైమ్ ఎక్కడ?

బ్రిటన్ వెళ్లే పిల్లలకు మనమిచ్చే సలహాలన్నీ సూట్‌కేసు చుట్టూనే తిరుగుతాయి. థర్మల్స్ కొనుక్కో, ఆవకాయ సీసాకు రెండు కవర్లు చుట్టు, కుక్కర్‌కు ఇంకో గాస్కెట్ పెట్టుకో. అవీ కావాల్సినవే. కానీ చలికి ఎలాగో అలవాటు పడతారు. తిండికైతే ఈస్ట్‌హామ్, లెస్టర్ లాంటి చోట్ల కొదవే లేదు. అసలు చిక్కు క్యాలెండర్‌తో.

మనవాళ్లలో ఎక్కువమంది చేరేది ఏడాది మాస్టర్స్‌లో. సెప్టెంబర్‌లో దిగుతారు. గది, బ్యాంకు అకౌంటు, పార్ట్‌టైమ్ వేట ఒక కొలిక్కి వచ్చేసరికి నవంబర్. అప్పటికే మొదటి అసైన్‌మెంట్ల గడువు నెత్తిమీద ఉంటుంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి. వేసవంతా డిసర్టేషన్, అంటే కోర్సు చివర రాసే పెద్ద పరిశోధన వ్యాసం. మన బీటెక్‌లో ఫస్టియర్ మొత్తం తడబడినా మిగతా మూడేళ్లలో సర్దుకోవచ్చు. అక్కడ ఆ ఫస్టియరే లేదు.

మార్కుల సంగతి చూడండి. సాధారణంగా అక్కడ మాస్టర్స్‌లో 50 వస్తే పాస్, 60కి మెరిట్, 70కి డిస్టింక్షన్. ఇంటర్‌లో వెయ్యికి 980 తెచ్చుకున్న అమ్మాయికి 62 వస్తే ఇంట్లో చెప్పుకోవడానికే సిగ్గుపడుతుంది. నిజానికి అది మంచి మార్కే. పేపర్ పక్కన లెక్చరర్ రాసేది ఇంచుమించు ఒకటే: విషయం బాగానే వివరించారు, మీరేమంటారో ఎక్కడా లేదు. కార్పొరేట్ కాలేజీలో రెండేళ్లపాటు ‘నీ అభిప్రాయం ఎవడడిగాడు, పుస్తకంలో ఉన్నట్టు రాయి’ అని రుద్ది పంపింది మనమే. పుస్తకంలో ఉన్నట్టే రాస్తే అక్కడ కాపీని గుర్తించే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. ఈ పద్ధతి ఒంటబట్టేసరికి రెండో సెమిస్టర్ సగం అయిపోతుంది.

ఇక మనవాళ్లు మనవాళ్లతోనే ఉంటారు, అక్కడివాళ్లతో కలవరు అనే మాట. ఇది నాకెప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. అద్దెకు ఇల్లు కావాలంటే చాలామంది ఓనర్లు బ్రిటన్‌లో ఉండే గ్యారంటర్‌ని అడుగుతారు. నిన్న దిగిన కుర్రాడికి ఎవరున్నారు? సీనియర్ ఖాళీ చేసే గదిలోకి వెళ్తాడు. పోపు పెడితే స్మోక్ అలారం మోగుతుందని ముందే తెలిసి కిటికీ తెరిచే నలుగురి మధ్య కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. దాన్ని తప్పుపట్టలేం.

పనికి మాత్రం గట్టి హద్దుంది. డిగ్రీ స్థాయి కోర్సుల్లో టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే. మాస్టర్స్ వాళ్లకు డిసర్టేషన్ రాసే వేసవి కూడా టర్మే. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లయింది. అంటే వారానికి సుమారు 244. అద్దె, తిండి గడవొచ్చు గానీ ఇక్కడి లోన్ వడ్డీ తీరదు.

ఇంకో మెలిక. పెద్ద కంపెనీలు గ్రాడ్యుయేట్ ఉద్యోగాలకు దరఖాస్తులు తీసుకునేది ఎక్కువగా శరదృతువులోనే, మరుసటి ఏడాది చేరికకు. అంటే బస్సు రూటు కూడా తెలియని అక్టోబర్‌లోనే సీవీ పంపాలి. చదువయ్యాక చూసుకుందాం అనుకునేవాడికి ఆ విడత పోయినట్టే. పైగా చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. పీహెచ్‌డీ వాళ్లకు ఈ కోత లేదు.

సర్దుకోవాల్సిన పని చాలావరకు విమానం ఎక్కకముందే మొదలుకావాలి. అడ్మిషన్‌కింత అని యూనివర్సిటీల దగ్గర కమీషన్ తీసుకునే కన్సల్టెన్సీలు వీసా ఇంటర్వ్యూకు తర్ఫీదిస్తాయి, అక్కడితో వాటి పని సరి. ఫీజు కట్టేముందే అసైన్‌మెంట్లు ఎన్ని, ఏ నెలలో అని వాళ్లని అడగండి. వెళ్లేలోపు ఒక్క వ్యాసమైనా రిఫరెన్సులతో సొంతంగా రాయించండి. మూడో నెల నుంచే ‘ఇంకా జాబ్ రాలేదా’ అని ఫోన్లో అడగడం కాస్త ఆపండి.