ఫోర్ బై ఫోర్ కొన్నవాళ్లంతా వాగులో దిగాల్సిందేనా?

వాట్సాప్‌లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. లక్షలు పోసి ఫోర్ బై ఫోర్ (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందే బండి) కొని తారు రోడ్డు మీద తిప్పడం దండగట. ఆ బండికి రాళ్లూ నీళ్లూ లెక్క కాదట. ఏమైనా అయితే ఇన్సూరెన్స్ ఉందట, ఇరుక్కుంటే వెనక బండి లాగేస్తుందట. అసలు ప్రకృతిని ప్రేమించేవాళ్లే ఇలా తోలతారట. ఆఫ్‌రోడింగ్, అంటే రోడ్డు లేనిచోట బండి తోలడం, నాకు ప్రాణం. అందుకే ఈ మాటలు నమ్మి కొత్తవాళ్లు నష్టపోతుంటే ఊరుకోలేకపోతున్నాను.

ముందు నీళ్ల సంగతి. మూడు తలుపుల మహీంద్రా థార్ 650 మిల్లీమీటర్లు, ల్యాండ్ రోవర్ డిఫెండర్ 900 మిల్లీమీటర్ల లోతు దాటగలవని కంపెనీలు చెబుతాయి. అది అడుగు గట్టిగా ఉండి, నెమ్మదిగా పోయినప్పటి లెక్క. పారే వాగులో గుంట ఎక్కడుందో కనపడదు. ఇంజిన్‌కు గాలి పీల్చే ఎయిర్ ఇన్‌టేక్‌లోంచి నీళ్లు సిలిండర్‌లోకి చేరితే, గాలి నలిగినట్టు నీళ్లు నలగవు, పిస్టన్‌ను పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ బతికినా గండం గడిచినట్టు కాదు. వేడెక్కిన డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య చక్రాలకు బలం పంచే గేర్ల డబ్బా) చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని, గాలి ఆడే బ్రీదర్ గొట్టం నుంచో సీళ్ల సందుల్లోంచో నీళ్లను పీల్చుకుంటుంది. బండి మామూలుగానే ఇంటికొస్తుంది. నట్టు విప్పి చూసేదాకా ఆయిల్ పాల టీ రంగుకు మారిందని తెలియదు. చూసుకోకుండా అలాగే తిప్పితే బేరింగులు పోతాయి.

ఇన్సూరెన్స్? మామూలు మోటార్ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కూ, ఒక నష్టం వల్ల తర్వాత జరిగే నష్టానికీ కవర్ ఉండదు. ఇంజిన్ నష్టానికి కవర్ ఇచ్చే ఇంజిన్ ప్రొటెక్ట్ విడిగా కొనుక్కోవాలి. అది ఉన్నా, నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే క్లెయిమ్‌కు చిక్కు వస్తుంది. పోటీలకు వాడితే పాలసీయే వర్తించదు.

ఖరీదు పెరిగితే బండి మొండిదవుతుందనీ అనుకోవద్దు. 20 అంగుళాల రిమ్ముకు టైరు గోడ ఎత్తు తక్కువ. రాళ్ల మీద పట్టు కోసం గాలి తగ్గిస్తే రిమ్మే రాయికి కొట్టుకుంటుంది. బంపర్‌లో సెన్సర్లు, కింద గాలి సంచుల మీద నిలిచే ఎయిర్ సస్పెన్షన్, రాయి తగిలితే రెండూ దెబ్బతినేవే. పాత మారుతి జిప్సీకి బంపర్ వంగితే సుత్తితో సరిచేసుకునేవాళ్లం.

ఇక ప్రకృతి ప్రేమ. 2022లో లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సులో ఆడి కారును పరుగెత్తించిన వీడియో దేశమంతా చూసింది. 2023 క్రిస్మస్ రద్దీలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్‌లో చంద్రా నదిలోకి థార్ దింపినవాళ్లకు పోలీసులు 3,500 రూపాయల చలానా వేశారు. లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్ చిత్తడి నేలల్లో నల్లమెడ కొంగలు గూడు కట్టేది నేల మీదే. ఆ చలి ఎడారిలో పడిన టైరు జాడలు ఏళ్ల తరబడి మానవు. మనం థ్రిల్ కోసం తోలతాం, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ దానికి ప్రేమ అని పేరు పెట్టి కొంగ గూళ్ల మీదుగా పోవడాన్ని నేను ఒప్పుకోను. గోవాలో వానాకాలంలో జరిగే రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ లాంటి పోటీలున్నాయి, ఆఫ్‌రోడింగ్ కోసమే కట్టిన ట్రాకులున్నాయి. అక్కడ తోలండి.

ఇరుక్కుంటే లాగేస్తారన్న మాట అన్నిటికంటే ప్రమాదకరం. తాడును కంపెనీ బిగించిన రికవరీ హుక్‌కే తగిలించాలి. ట్రైలర్ కోసం పెట్టే టో బాల్‌కు తగిలించి గట్టిగా లాగితే అది విరిగి తుపాకీ గుండులా అద్దంలోంచి దూసుకొస్తుంది. అలా ప్రాణాలు పోయాయి.