తిన్నదెంతో తూచండి

ప్రభుత్వాసుపత్రుల్లో పథ్యాహారం లెక్క వంటశాల గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. ఎన్ని పళ్లేలు వెళ్లాయో డైట్ షీటులో ఉంటుంది, సంతకాలు పడతాయి, బిల్లు పాసవుతుంది. రోగి కడుపులోకి ఎంత వెళ్లిందో రాసే గడి మాత్రం కనిపించదు. తెలంగాణ 2022-23 బడ్జెట్‌లో సాధారణ రోగి డైట్ ఛార్జీని రోజుకు రూ.40 నుంచి రూ.80కి, క్షయ, క్యాన్సర్ వంటి జబ్బులున్నవారికి రూ.56 నుంచి రూ.112కి పెంచింది. మంచిదే. అయితే ఆ సొమ్ముతో వండిందాంట్లో ఎంత చెత్తబుట్టలోకి పోతోందో తెలియాలంటే తూచాల్సిందే.

పని పెద్దదేం కాదు. గ్రాము తేడా చూపే కాటా ఒకటి, గడుల పళ్లేలు చాలు. వడ్డించే గరిటెతో అయిదుసార్లు తీసి తూచి సగటు కడితే వడ్డన బరువు వస్తుంది. తిరిగొచ్చిన పళ్లెంలోంచి మునక్కాడ పిప్పి, కరివేపాకు, ఎముకలు తీసేసి మిగిలింది తూచాలి. 400 గ్రాములు వడ్డిస్తే 100 మిగిలిందంటే 75 శాతం తిన్నట్లు. ఈ మొత్తం శాతం చూసి ఊరటపడటమే పెద్ద పొరపాటు. ప్రోటీన్ ఎక్కువ ఉండాల్సిన పథ్యంలో రోగి అన్నమంతా తిని గుడ్డు, పప్పు వదిలేసినా అంకె బాగానే ఉంటుంది, పథ్యం మాత్రం దెబ్బతిన్నట్లే. అందుకే గుడ్డు, కూర, పెరుగు దేనికది తూచాలి. సాంబారు కలిపేసిన అన్నాన్ని ఒకే పదార్థంగా రాసుకోవడం తప్ప దారిలేదు.

అన్ని పళ్లేలూ తూచే తీరిక లేనిచోట కంటి అంచనా పనికొస్తుంది. 1981లో అమెరికాలో కామ్‌స్టాక్ బృందం వాడిన కొలతకు ఆరు మెట్లు: ముట్టలేదు, ఒక్క ముద్ద తిన్నారు, పావు, సగం, ముప్పావు, అంతా. ఇద్దరు విడివిడిగా చూసి రాయాలి. ముందుగా కొన్ని పళ్లేలను తూచి తమ కన్ను ఎంత తప్పుతోందో తెలుసుకోవాలి.

ఖాళీ పళ్లేన్నీ నమ్మడానికి లేదు. మన వార్డుల్లో రోగి భోజనం వెంట ఉన్న మనిషి తినడం, రోగి ఇంటి క్యారేజీలోని ఆవకాయతో కానివ్వడం రోజూ జరిగేవే. ‘ఎవరు తిన్నారు, బయటినుంచి ఏమొచ్చింది’ అన్న గడి లేకపోతే తూచిన శ్రమంతా వృథా. నిండుగా తిరిగొచ్చిన పళ్లేనికీ కారణం రాయాలి: రుచించలేదా, వికారమా, నమలలేకపోయారా, స్కానింగుకు వెళ్లారా, సాయంత్రం ఆరింటికొచ్చిన అన్నం ఎనిమిదింటికి గట్టిపడిందా? వంటవాణ్ని తిట్టాల్సిన సందర్భాలు వీటిలో ఒకటో రెండో.

ఇష్టాన్ని అడిగి తెలుసుకునే పద్ధతీ ఉంది. అమెరికా సైన్యం ఆహార పరిశోధన సంస్థలో డేవిడ్ పెర్యామ్, సహచరులు రూపొందించిన తొమ్మిది మెట్ల కొలతలో 9 అంటే అమితంగా నచ్చింది, 5 అంటే నచ్చిందనీ కాదు నచ్చలేదనీ కాదు, 1 అంటే అస్సలు నచ్చలేదు. చదువురానివారికి అయిదు ముఖాల బొమ్మలు చూపితే సరిపోతుంది. అడిగేది మాత్రం వంటశాల మనిషి కాకూడదు. అన్నం పెట్టినవాళ్ల ముఖం మీద బాగాలేదని మనవాళ్లు అనరు. తిన్న అరగంటలోపు, ఉప్పు, కారం, మెత్తదనం, పరిమాణం ఒక్కోటీ ‘తక్కువ, సరిపోయింది, ఎక్కువ’ అని అడిగితే మార్చాల్సిందేమిటో తేలుతుంది. ఆరోగ్యంగా ఉన్న సిబ్బంది రుచి చూసి ఇచ్చే మార్కులతో ఉపయోగం లేదు. కీమో తీసుకునేవారి నోటికి అదే కూర ఇనుప రుచి తగలొచ్చు.

చప్పిడి తిండి విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఉప్పు తగ్గించాక నాలుక అలవాటు పడటానికి వారాలు పడుతుంది. రెండోరోజు వచ్చిన 3 మార్కులు చూసి మెనూ మార్చేయకుండా, ఇంటికెళ్లిన రెండు నెలలకు మళ్లీ అడగాలి. ఉప్పు తగ్గించానన్న రోగి మాటను సరిచూసుకోవడానికి 24 గంటల మూత్రంలో సోడియం పరీక్ష ఉంది; తిన్న ఉప్పులోని సోడియం చాలావరకు మూత్రంలోనే పోతుంది. గ్రాము ఉప్పులో సోడియం దాదాపు 17 మిల్లీమోల్స్ (ల్యాబు రిపోర్టులో రాసే కొలత). రోజుకు ఐదు గ్రాముల ఉప్పు పథ్యంలో ఉన్నామనే మనిషికి 170 మిల్లీమోల్స్ వచ్చిందంటే పది గ్రాములు తింటున్నట్లే. మూత్రం పూర్తిగా పట్టకపోయినా, నీరు తగ్గించే మందులు కొత్తగా మొదలైనా ఈ లెక్క తప్పుతుంది.

మార్కుల కోసం పథ్యాన్నే చెడగొట్టే ప్రమాదమూ ఉంది. వంటవాడు రహస్యంగా చిటికెడు ఉప్పు వేస్తే అంకె పెరుగుతుంది, రోగి కాళ్లవాపూ పెరుగుతుంది. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, పొటాషియం తగ్గించుకోవాల్సిన కిడ్నీ రోగులకు అది ప్రాణాంతకం కావచ్చు. మిరియాలు, వేయించిన జీలకర్ర, వెల్లుల్లి, కాస్త నిమ్మరసంతో రుచి తేవడం వంటవాడికి నేర్పాలి.

నెలకోసారి ఒక్కో వార్డులో, ఆదివారం కలిసేలా వరుసగా మూడు రోజులు తూచితే చాలు. ఆ పనిని బోధనాసుపత్రులు న్యూట్రిషన్, నర్సింగ్ విద్యార్థులకు అప్పగించవచ్చు. డైట్ కాంట్రాక్టరు చేతికి మాత్రం కాటా ఇవ్వకూడదు, మిగులు శాతాన్ని బట్టి అతని బిల్లు కోయనూ కూడదు. అలా చేస్తే మిగులు తగ్గించడానికి అతను ముందుగా చిన్నది చేసేది గరిటెనే.