ముందు మందు, తరువాత రక్తం

సెప్సిస్ (ఇన్ఫెక్షన్ మీద ఒళ్లు అదుపు తప్పి ఎదురుతిరిగి, అవయవాలు దెబ్బతినే స్థితి) అనుమానం రాగానే యాంటీబయాటిక్ చుక్క ఒంట్లో పడకముందే కల్చర్‌కు, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తుపట్టే పరీక్షకు, రక్తం తీయాలన్న ఛాందస నియమాన్ని ఐసీయూలలో కొందరు సాహసికులు ఎప్పుడో సంస్కరించారు. వారి పద్ధతిలో మందు ముందు ఎక్కుతుంది, క్రిమి ఎవరన్న విచారణ తరువాత మొదలవుతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరగడాన్ని వైద్యవిధానంగా తీర్చిదిద్దిన ఘనత వారిదే.

అర్ధరాత్రి రోగి బీపీ పడిపోతుంది, మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ వేలాడుతుంది, అరగంట గడిచాక ఎవరికో కల్చర్ గుర్తుకొస్తుంది. అప్పుడు సీసాల వేట మొదలై, అన్ని సొరుగులూ తిరగేశాక, గడువు దాటడానికి రెండు రోజులున్న సీసా ఒక్కటి దొరుకుతుంది. రెండు వేర్వేరు చోట్ల నుంచి, సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున తీయవలసిన రక్తం, వారం రోజులుగా మెడలో పెద్ద సిరలోకి వేసి ఉన్న గొట్టం, అంటే సెంట్రల్ లైన్ నుంచి 3 మిల్లీలీటర్లు వస్తుంది. దాన్ని నింపుకున్న సీసా టెలిఫోన్ పక్కన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ల్యాబ్‌కు మోసుకెళ్లే మనిషి కోసం తెల్లవారేదాకా ఎదురుచూస్తుంది.

ఐదు రోజులకు ‘ఏ క్రిమీ పెరగలేదు’ అని రిపోర్టు వస్తుంది. మందు పనిచేసిందని ఒకరు, అసలు ఇన్ఫెక్షనే లేదని ఇంకొకరు, క్రిమి మహా మొండిదై దాక్కుందని మూడో పెద్దమనిషి తీర్పులిస్తారు. గెలిచేది మూడో ఆయనే, కనుక కొలిస్టిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ చేరుతుంది. పేరు తెలియని శత్రువు మీద ఏ ఆయుధాన్ని ఆపాలో ఎవరికీ తెలియదు గనుక, మొదటి మందూ ఆగదు.

2019లో వెలువడిన ఒక అధ్యయనంలో అవే రోగులకు మందుకు ముందు తీసిన రక్తంలో 31.4 శాతం మందికి క్రిములు దొరికితే, మందు పడ్డాక తీసిన రక్తంలో 19.4 శాతం మందికే దొరికాయి. మందు ఆలస్యం చేయమని ఎవరూ అనడం లేదు, షాక్‌లో ఉన్నవాడికి గంటలోపు పడి తీరాల్సిందే. రక్తం తీయడానికి కావలసిన పది నిమిషాలూ ఆ గంటలోనే ఉన్నాయి కదా! సీసాలు మంచం దగ్గర పెట్టుకోలేని మీ బద్ధకానికి, నోట్లో గొట్టంతో ‘అయ్యా’ అనడానికైనా నోరులేని మనిషి తన మూత్రపిండాలు ఎందుకు తాకట్టు పెట్టాలి? కొలిస్టిన్ మూత్రపిండాలను ఏం చేస్తుందో మీకు తెలియదా? మూత్రపిండాలు దెబ్బతిన్నాయని చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగినప్పుడు ‘జబ్బు తీవ్రత’ అని రాసే చేతికి కాస్తయినా వణుకు రాదా?

క్షమించాలి, గాంభీర్యం తప్పింది. నేను చూసిన ఒక ఫైలులో మందు ఎక్కించిన సమయం నిమిషాలతో సహా ఉంది, కల్చర్ దగ్గర మాత్రం ‘పంపాము’ అని ఉంది. ఎప్పుడు తీశారని అడిగితే, ఆ ఫారంలో దానికి గడి లేదన్నారు.