డాప్లర్ ప్రభావం గారికి శ్రుతి తప్పినవాడి విన్నపం

దగ్గరయ్యేదాని స్వరాన్ని హెచ్చించి, దూరమయ్యేదాని స్వరాన్ని తగ్గించే మహారాజశ్రీ డాప్లర్ ప్రభావం గారి సముఖమునకు,

విజయనగరంలో ఒక మేడ మీద యాంటెన్నా పట్టుకుని నిలబడిన హ్యామ్ రేడియో వాడు, అనగా సరదాకు సొంత రేడియోలో లోకంతో మాట్లాడేవాడు, నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ‘ఉభయ కుశలోపరి’ అని మొదలుపెట్టబోయి ఆగాను. తమరి క్షేమం ప్రతి పాస్‌లోనూ, అంటే ఉపగ్రహం మా ఆకాశం దాటే ప్రతిసారీ, తెలుస్తూనే ఉంది. నా క్షేమం సంగతి చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

తమరి పరిచయం నాకు మొదట రేడియోలో కాలేదు, నెల్లిమర్ల దగ్గర రైలు గేటు పడినప్పుడు అయింది. దూసుకొచ్చిన సూపర్‌ఫాస్టు కూత గేటు దాకా ఒక స్వరంలో ఉండి, దాటిన మరుక్షణం కిందికి జారిపోయింది. ఇంటికి వచ్చి లెక్క వేస్తే, గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు కూత వచ్చేటప్పటికీ వెళ్లేటప్పటికీ ఇంచుమించు మూడు స్వరస్థానాలు దిగుతుందని తేలింది. అంటే సాధారణ గాంధారంలో వచ్చిన బండి షడ్జంలో వెళ్లిపోయిందన్నమాట. మా ఊళ్లో ఇటువంటివి చెవిన పడకుండా పోవు. 1919లో వెలసిన సంగీత కళాశాల మాది; ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు మోగిన గోడలవి. ప్రాగ్ నగరంలో క్రిస్టియన్ డాప్లర్ గారు జంట నక్షత్రాల రంగుల మీద పత్రం చదివి తమరి గుట్టు బయటపెట్టింది 1842లో. మూడేళ్ల తరువాత ఉట్రెక్ట్ దగ్గర బయస్ బాలట్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు రైలు మీద బూరాలు ఊదేవాళ్లను ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్నవాళ్లను నిలబెట్టి, ఆ మాట నిజమేనని తేల్చాడు. చెవులు చాలకపోతే మా ఊరికి కబురు పెట్టవలసింది. అప్పటికి కళాశాల లేకపోయినా చెవులు ఉన్నాయి.

రైలు విషయంలో తమరి మీద నాకే ఫిర్యాదూ లేదు. ఎందుకంటే ఆ కూతకు నేను బదులు పలకనక్కర్లేదు. మా హ్యామ్‌లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడే ఉపగ్రహంతో వచ్చిన చిక్కు అదే. రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంటే, భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం ఏడున్నర కిలోమీటర్లు పోతుంది. 40 వేలల్లో ఒక వంతు. కిరాణా కొట్లో తూకం అంత తేడా వస్తే తరుగని కూడా ఎవరూ అనరు. కానీ తమరు ఆ ఒక వంతునే పట్టుకుని, 436.795 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండవలసినదాన్ని దిగంతాన ఉన్నప్పుడు 9, 10 కిలోహెర్ట్జ్ పైకి లాగి, దాటి వెళ్లేటప్పుడు అంతే కిందికి తోస్తారు.

ఆ 436.795 ఊరికే చెప్పిన అంకె కాదు. 2002లో ఎగిరిన ఎస్‌ఓ-50 అనే సౌదీ ఉపగ్రహం పావు వాటు శక్తితో ఆ అంకె మీదే పలుకుతుంది. దాని ద్వారా మాట్లాడాలంటే 145.850 మీద, 67 హెర్ట్జ్ టోన్ కలిపి పంపాలి. పైకి పంపే వైపు తమరు చేసే అల్లరి మూడు కిలోహెర్ట్జ్ చిల్లరే గనుక ఎఫ్‌ఎమ్ రిసీవర్ దాన్ని ఓర్చుకుంటుంది, ముట్టుకోనక్కర్లేదు. సవరించుకోవలసింది వినే వైపే: ఉపగ్రహం పొడిచేటప్పుడు 436.805, తరువాత ఐదేసి కిలోహెర్ట్జ్ చొప్పున దిగుతూ నెత్తి మీదికి వచ్చేసరికి 436.795, అస్తమించేటప్పుడు 436.785. మొత్తం ఐదు మెట్లు, దిగడమే గాని ఎక్కడం లేదు. ఈ ఐదింటినీ నా హ్యాండీలో, అంటే చేతి రేడియోలో, ఐదు మెమరీ చానళ్లుగా పెట్టుకున్నాను. పెట్టుకున్నవాణ్ణి సరిగా పెట్టుకోక, కింది మెట్టును మొదటి చానల్ చేశాను.

ఆ సాయంత్రం ఉత్తరాన అది పొడిచింది. నేను ఎడమ చేత్తో మీటరు టేపు ముక్కలతో చేసిన యాంటెన్నా ఎత్తి, కుడి చేత్తో హ్యాండీ పట్టుకుని, సంకేతం లేనప్పుడు గరగరను ఆపే స్క్వెల్చ్‌ను పూర్తిగా తెరిచి, అడుగున 436.785లో నిలబడ్డాను. అది దాదాపు పై మెట్టు మీద పలుకుతోంది. నాకు వినబడింది ఒక్కటే, జంతికలు వేగుతున్న మూకుడు చప్పుడు. అది దిగుతుంటే నేను ఎక్కాను. మధ్యలో, సరిగ్గా 436.795 దగ్గర ఒకరికొకరం ఎదురుపడ్డాం. ఎవరిదో కాల్‌సైన్‌లో, అంటే హ్యామ్ పిలుపు పేరులో, సగం స్పష్టంగా వినబడింది. అంతలోనే అది కిందికీ నేను పైకీ విడిపోయాం. పక్క మేడ మీద వడియాలు ఎత్తుతున్న పిన్నిగారు చాలాసేపటి నుంచి చూస్తున్నట్టున్నారు. “ఏటి బాబూ, ఆ టేపులతో ఆకాశానికి కొలతలు తీస్తన్నావేటి?” అన్నారు. అవునండీ, కొలత తప్పింది అన్నాను. ఆ రోజు తమరిని చాలా మాటలు అన్నాను. అవి ఈ ఉత్తరంలో రాయదగినవి కావు.

ఎఫ్‌ఎమ్‌లో తమరు చూపించింది బాల్యలీలలేనని సైడ్‌బ్యాండ్ అనే మరో ప్రసార పద్ధతికి వచ్చాక తెలిసింది. అక్కడ 200 హెర్ట్జ్ తప్పితే చాలు, పెద్దమనిషి గొంతు బాతు గొంతు అవుతుంది. నేను పట్టుకున్నది ఏఓ-7 అనే హ్యామ్ ఉపగ్రహం. అది 1974 నవంబరులో ఎగిరింది, 1981లో బ్యాటరీలు చెడి మూగబోయింది, 2002లో ఎవరూ పిలవకుండానే మళ్లీ పలికింది. అప్పటి నుంచి ఎండ తగిలినంతసేపే పని చేస్తుంది, నీడలోకి పోతే నిద్రపోతుంది. అటువంటి ముసలిదాని మీద కూడా తమరికి జాలి కలగలేదు. 432.150 దగ్గర లోయర్ సైడ్‌బ్యాండ్‌లో పంపితే, 145.950 దగ్గర అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో తిరిగి వస్తుంది; పైకి పంపినది ఎంత ఎక్కితే, దిగి వచ్చేది అంత తగ్గేటట్టు దాని ట్రాన్స్‌పాండర్‌ను, అంటే విన్నదాన్ని తిరిగి పంపే యంత్రాన్ని, తలకిందులుగా కట్టారు. అది తమరికి వేసిన పగ్గమే. వెళ్లేటప్పుడు తమరు కలిపే 8 కిలోహెర్ట్జ్ పైచిలుకులో, వచ్చేటప్పుడు కలిపే 3 కిలోహెర్ట్జ్ దాకా కొట్టుకుపోతుంది. మిగిలిన ఐదున్నర మాత్రం నా నెత్తిన పడుతుంది.

దాన్ని ఎదుర్కోవడానికి నేను ఎంచుకున్న ఉపాయం ఎంత తెలివిగా కనబడిందో చెప్పలేను. వినే నాబ్‌ను కదపకుండా ఉంచి, నా గొంతు నా చెవికి సరిగ్గా వినబడేటట్టు పంపే నాబ్‌ను మాత్రం తిప్పుతూ పోయాను. అవతల కోల్‌కతాలో ఉన్న హ్యామ్ దాదా కూడా సరిగ్గా అదే పని చేస్తున్నారు. ఆయనకూ నాకూ ఉపగ్రహం ఒకే వేగంతో దగ్గరవదు గదా, తమరు ఆయనకు వేసే పన్ను వేరు, నాకు వేసే పన్ను వేరు. నేను నాకు సరిగ్గా ఉంటే ఆయనకు పక్కకు జరిగి వినబడతాను. నా కోసం ఆయన జరిగితే నాకు ఆయన తప్పిపోతారు. ఆయన కోసం నేను జరిగితే మళ్లీ ఆయన జరుగుతారు. ఇట్లా మర్యాద కొద్దీ ఒకరి వెనక ఒకరం నడుచుకుంటూ పోయి, ఇద్దరమూ కలిసి మూడో జంట మాట్లాడుకుంటున్న చోటికి పిలవని పేరంటానికి వెళ్లాం. వాళ్లు ఏమనుకున్నారో ఆ భాష నాకు రాదు గనుక బతికిపోయాను.

తమరిని సరిగ్గా లెక్కలో పెట్టాలంటే రెండు వైపులా సవరించాలి. ఉపగ్రహం దగ్గర మన ఫ్రీక్వెన్సీ కదలకుండా ఉండాలి. నా నాబ్ దగ్గర అంకె ఎంత అన్నది కాదు, అక్కడ చేరేసరికి ఎంత అన్నదే లెక్క. ఉపగ్రహం వస్తుంటే తగ్గించి పంపి హెచ్చించి వినాలి, పోతుంటే హెచ్చించి పంపి తగ్గించి వినాలి. పైడితల్లమ్మ పండుగలో సిరిమాను మీదికి అరటిపండు విసిరినవాడికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. మాను ఇప్పుడున్న చోటికి విసిరితే పండు వెనకాలవాళ్ల తల మీద పడుతుంది. రెండు చేతులతో రెండు నాబులు, మూడో చేత్తో యాంటెన్నా అవసరం గనుక, నా బాధ్యతను కంప్యూటరుకు అప్పగించాను. కక్ష్య వివరాలు కొత్తవి ఎక్కించి, రేడియోకు వైరు కలిపి, జీప్రెడిక్ట్ అనే సాఫ్ట్‌వేర్ చేత రెండు అంకెలనూ తిప్పిస్తూ, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. పాస్ మొదట్లోనూ చివర్లోనూ అంతా సవ్యంగానే ఉంది. నెత్తి మీదికి వచ్చేసరికి గొంతులు మళ్లీ బాతులయ్యాయి. తమరు మిగతా పాస్ అంతటా నెమ్మదిగా జరిగి, సరిగ్గా దగ్గరైన ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే గబగబా దిగుతారని పుస్తకాల్లో చదివినదే. ఏఓ-7 పంపే వైపు అది సెకనుకు 40 హెర్ట్జ్ దాకా ఉంటుంది. తమరిదే దుర్మార్గమని వారం రోజులు నమ్మాను. ఎనిమిదో రోజున చూస్తే నా కంప్యూటరు గడియారం 12 సెకన్లు వెనకబడి ఉంది. 12 సెకన్లు, సెకనుకు 40 చొప్పున, ఐదు వందల హెర్ట్జ్‌కు కాస్త తక్కువ. ఆ వారంలో తమరిని అన్న మాటలను వెనక్కు తీసుకుంటున్నాను; అంతకు ముందు అన్నవాటిని మాత్రం ఉంచుతున్నాను.

తమరి వల్ల లోకానికి మేలు జరగలేదని నేననడం లేదు. 1957లో స్పుత్నిక్ బీప్‌లు జారుతున్న తీరు విని ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు దాని కక్ష్యను లెక్కగట్టారు. ఆ లెక్కనే తిరగవేసి ఓడలకు దారి చూపించే ట్రాన్సిట్ ఉపగ్రహాలను తయారుచేశారు. ఆపదలో ఉన్న పడవ పంపే సంకేతం ఎక్కడిదో పట్టడానికీ తమరే సాయపడ్డారు. కళింగపట్నం నుంచి వేటకు పోయేవాళ్ల వంటి వారి కోసమని ఆ ఉపకారాన్ని ఒప్పుకుంటాను. కానీ 2005 మే 5న మన శ్రీహరికోట నుంచే ఎగిరి, 2014 దాకా మనకు పలికిన హ్యామ్‌శాట్ అనే హ్యామ్ ఉపగ్రహం మీద కూడా, సొంత ఊరి పిల్ల గదా అని, ఒక్క హెర్ట్జ్ రాయితీ ఇవ్వలేదు తమరు. ఆ సంగతి మరచిపోలేను.

తమరి బాధ పడలేక ఆ మధ్య వేరే దారి చూశాను. క్యూఓ-100 అనే ఉపగ్రహం సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమితో పాటే తిరుగుతూ కదలకుండా నిలబడి ఉంటుంది. మా మేడ మీది నుంచి చూస్తే పడమటి దిక్కున, కాస్త దక్షిణానికి ఒరిగి, సుమారు 23 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అది కదలదు గనుక అక్కడ తమరి మాట చెల్లదు. పాత డిష్ ఒకటి బిగించి, దాని ముందు సంకేతం పట్టే ఎల్‌ఎన్‌బీ తగిలించి, తెల్లవారుజామున విన్నాను. స్వరం రాయిలా నిలిచి ఉంది. తంబురా వేసుకుని కూర్చోవచ్చు అనిపించింది. పది గంటలకు ఎండ ఎక్కింది, ఎల్‌ఎన్‌బీ కాలింది, దానిలో ఫ్రీక్వెన్సీని నిలిపే ఆసిలేటరు వేడికి కదిలి, గొంతులన్నీ మెల్లగా పక్కకు జరగడం మొదలుపెట్టాయి. మా ఎండను తమరు తమ ప్రతినిధిగా ఎప్పుడు నియమించారో నాకు తెలియలేదు.

రేపు సాయంత్రం ఎస్‌ఓ-50 మళ్లీ ఉత్తరాన పొడుస్తుంది. మెమరీ చానళ్లను పై మెట్టు నుంచి వరుసగా సరిచేసుకున్నాను, గడియారమూ సరిచేసుకున్నాను. పిన్నిగారి వడియాలు ఇంకా ఆరలేదు.

ఇట్లు,
హ్యామ్‌ల పటంలో ఎన్‌కే 18 గడిలో 436.795 దగ్గర ఒక్క క్షణం తమరికి ఎదురుపడిన
తమ విధేయుడు