‘హామ్‌స్టర్‌కు మనం తినేదే పెడితే చాలు’ అనే మాటలో నిజమెంత?

తిరుపతి, చిత్తూరు వైపు ఎలుకల్లాంటి చిన్న పెంపుడు జంతువులైన హామ్‌స్టర్లు పెంచుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతూనే ఉంది. దాని సారాంశం ఇది: “హామ్‌స్టర్ అంటే ఎలుకే. షాపు తిండి డబ్బు దండగ. గిన్నె నిండా పొద్దుతిరుగుడు గింజలు, చెనిక్కాయ విత్తనాలు పోసిపెట్టండి, తనకు కావలసింది అదే ఏరుకుంటుంది. అప్పుడప్పుడు పాలన్నం, బెల్లం ముక్క, మామిడిపండు, లడ్డూ పొడి పెట్టండి. అది శాకాహారి, గుడ్డు పెట్టకూడదు. కీరా ముక్క ఉంటే నీళ్లు అక్కర్లేదు. విరేచనాలు పట్టుకుంటే పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ ఒక చుక్క పోయండి.”

పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ చివరి వాక్యం పాటిస్తే జంతువు రోజుల్లో చచ్చిపోవచ్చు, మిగతావి పాటిస్తే నెలల మీద దాని ఆరోగ్యం దెబ్బతింటుంది. అందుకే ఒక్కో మాటనూ విడిగా తీసుకుంటున్నాం.

“తనకు కావలసింది అదే ఏరుకుంటుంది.”

ఏరుకుంటుంది, కాదనలేం. అయితే ముందు ఏరుకునేది కొవ్వు ఎక్కువున్న గింజల్నే. బంగారు రంగు సిరియన్ హామ్‌స్టర్ సొంత ఊరు సిరియాలోని అలెప్పో చుట్టుపక్కల మెట్ట నేలలు. ఇవాళ పెంపకంలో ఉన్న సిరియన్లలో అధిక భాగం 1930లో అక్కడ పట్టిన ఒక తల్లి, దాని పిల్లల సంతతే. ఆ నేలలో నూనె గింజ అరుదుగా దొరుకుతుంది. దొరికిందంటే బుగ్గ సంచుల్లో కుక్కుకుని బొరియకు చేర్చుకోవడమే దానికి తెలిసిన బతుకు. మన ఇంట్లో పంజరంలో ఆ గింజ రోజూ గుప్పెడు దొరుకుతుంది, రాత్రంతా తిరిగే పొలం మాత్రం లేదు. రుచి దారి చూపిస్తుందని దాన్ని వదిలేస్తే అది ఊబకాయం వైపే నడుస్తుంది.

లెక్క చూడండి. పెద్దయిన సిరియన్ 100 నుంచి 150 గ్రాములు తూగుతుంది. రోజుకు దానికి కావలసిన పొడి ఆహారం సుమారు 10 గ్రాములు, అంటే 30–35 కిలోకేలరీలు. చెనిక్కాయ విత్తనాల్లో 100 గ్రాములకు దాదాపు 567 కిలోకేలరీలు ఉంటాయి, బరువులో సగం దాకా కొవ్వే. ఒక విత్తనం అరగ్రాము తూగిందనుకున్నా దాదాపు 3 కిలోకేలరీలు. పది పన్నెండు విత్తనాలకే ఆ రోజు కోటా అయిపోతుంది. కడుపు నిండిపోతుంది, పీచూ ఖనిజాలూ మాత్రం అందవు.

పొద్దుతిరుగుడు పప్పుతో ఇంకో చిక్కు. 100 గ్రాముల పప్పులో కాల్షియం సుమారు 80 మిల్లీగ్రాములైతే ఫాస్ఫరస్ 660. ఎముక గట్టిగా ఉండాలంటే తిండిలో కాల్షియం ఫాస్ఫరస్‌తో కనీసం సమానంగానైనా ఉండాలి. ఇక్కడ ఎనిమిదో వంతే. నెలల తరబడి ఇదే తిన్నదాని ఎముకలు గుల్లబారతాయి. అరచేతిలోంచి జారిపడినా కాలు విరగవచ్చు. పొద్దుతిరుగుడు గింజలు పూర్తిగా మానేయమని అనడం లేదు. సిరియన్‌కు రోజుకు నాలుగైదు, చిన్న రకాలకు (కాంప్‌బెల్, వింటర్ వైట్, చైనీస్) ఒకటి రెండు, అదీ మచ్చిక కోసం చేత్తో ఇవ్వండి.

గిన్నె ఖాళీ అయింది కాబట్టి అంతా తినేసింది అనుకోవడం కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. సగం బుగ్గల్లో పెట్టుకుని తాను పడుకునే పక్క కింద దాచుకుంటుంది. గింజలు తినేసి గుళికల్ని (పిండి అదిమి చేసిన షాపు తిండి, పెల్లెట్లు) వదిలేస్తే, మనం గిన్నె మళ్లీ నింపుతాం, అది మళ్లీ గింజలే ఏరుకుంటుంది. పాత తిండి అయ్యేదాకా కొత్తది వేయకండి. వారానికోసారి దాచిన చోటు చూసి, అక్కడ పేరుకుపోయినవేమిటో గమనించండి. ఏం వదిలేస్తోందో ఆ కుప్ప చెబుతుంది. తడిసినవి, బూజు పట్టినవి తీసేసి పొడివి కొన్ని అక్కడే ఉంచండి. నిల్వ మొత్తం ఊడ్చేస్తే అది కలవరపడుతుంది, ఇంకా ఎక్కువ దాస్తుంది.

చెనిక్కాయల గురించి ఇంకొక్క మాట, ఎందుకంటే మన జిల్లాల్లో ఇవి ఇంటి పంట. కోత సమయంలో వాన తగిలినా, సరిగా ఆరకముందే మూట కట్టినా విత్తనానికి ఆస్పర్‌జిల్లస్ బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. బాధేమిటంటే, మనం తినకుండా పక్కన పెట్టిన ముడతల గింజలు, రంగు మారినవి, చేదువే చాలా ఇళ్లలో హామ్‌స్టర్ గిన్నెలోకి పోతాయి. విషం ఎక్కువ ఉండేది సరిగ్గా వాటిలోనే. పెట్టదలిస్తే మనం తినే మంచి విత్తనం, ఉప్పు లేకుండా, వారానికి ఒకటి రెండు.

“షాపు తిండి దండగ.”

సగం నిజం. విడిగా కొలిచి అమ్మే ‘హామ్‌స్టర్ ఫుడ్’లో చాలాసార్లు ఉండేది లవ్ బర్డ్స్‌కు వేసే కొర్రలు, పైన రంగు పూసిన పిండి ముక్కలు. కొన్నిచోట్ల కుందేలు గుళికల్నే ఇచ్చేస్తారు. కుందేలు గడ్డి మీద బతికే జంతువు, దాని గుళికల్లో పీచు మోతాదు హామ్‌స్టర్ అవసరానికి మించి ఉంటుంది, కొవ్వు తక్కువ. కోళ్ల దాణా అసలే వద్దు: గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో పెంకు కోసం 3.5–4 శాతం కాల్షియం కలుపుతారు.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక మూడు అంకెలు చూడండి. మాంసకృత్తులు 16–20 శాతం, కొవ్వు 4–7, పీచు 8–15. అంకెలే లేని ప్యాకెట్‌ను, గడువు తేదీ లేనిదాన్ని వదిలేయండి. అన్నీ ఒకే రూపంలో ఉండే గుళికలు మేలు, ఎందుకంటే వాటిలో ఏరుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక ‘షాపు తిండి బదులు ఇంటి ధాన్యాలు చాలవా’ అనే ప్రశ్న. రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు హామ్‌స్టర్‌కు మంచివే. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, వేరే ఏ ధాన్యంలోనూ అంత ఉండదు. సంగటి తినే సీమలో ఇది తేలిగ్గా దొరికే వరం. కాకపోతే మాంసకృత్తులు రాగుల్లో 7 శాతం, జొన్నల్లో 10, సజ్జల్లో 11, కొర్రల్లో 12 దగ్గర ఆగిపోతాయి. ఈ నాలుగింటినీ ఏ పాళ్లలో కలిపినా 12 దాటదు, మనకు కావలసింది కనీసం 16. అందుకే ధాన్యం తోడుగా ఉండాలి, మూలం కాకూడదు.

సిరియన్‌కు రోజు పాళ్లు ఇలా పెట్టవచ్చు: 18 శాతం మాంసకృత్తులున్న గుళికలు 7 గ్రాములు, కలిపిన చిరుధాన్యాలు 3 గ్రాములు. ఇవి రెండూ కలిస్తే 15.6 శాతం, అంటే 16కు దగ్గరగా వస్తుంది. పక్కన రెండు గ్రాముల ఉడికించిన గుడ్డు చేరిన రోజు, గుడ్డులోని నీటిని లెక్కలోంచి తీసేస్తే, 17 దాకా వెళుతుంది. చిన్న రకాలకు మొత్తం 4–6 గ్రాములు చాలు, పాళ్లు అవే. గ్రాముల కోసం వంటింటి డిజిటల్ కాటా కొనుక్కోండి. చెంచా లెక్క నమ్మదగింది కాదు, చెంచా కొర్రల బరువు వేరు, చెంచా గుళికల బరువు వేరు. తిండి సాయంత్రం పెట్టండి, అది మెలకువగా ఉండేది అప్పుడే.

ఇన్నాళ్లూ గింజలకే అలవాటు పడినదానికి ఒక్క రాత్రిలో గుళికలు పెడితే ముట్టదు. పది పన్నెండు రోజుల్లో మార్చండి: మొదటి మూడు రోజులు నాలుగో వంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు. ఈ రోజుల్లో రోజు విడిచి రోజు బరువు చూడండి. పదో వంతు కన్నా ఎక్కువ తగ్గితే ఒక మెట్టు వెనక్కి రండి.

“పాలన్నం, బెల్లం, మామిడిపండు, లడ్డూ.”

తల్లిపాలు మానేశాక పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి దానికి తగ్గిపోతుంది. మెత్తటి విరేచనాలకు పాలన్నమే కారణం కావచ్చు. పెరుగు చెంచా కొన మీద పట్టేంత పెడితే ప్రమాదం కాదు. తాలింపు పెట్టిన, ఉప్పు కలిపిన పెరుగన్నం మాత్రం వద్దు. ఉత్త అన్నం మెతుకులు రెండు మూడు పెట్టినా నష్టం లేదు, లాభమూ లేదు.

బెల్లంతో చక్కెర ఒక్కటే ఇబ్బంది కాదు. అది బుగ్గ సంచిలో కరిగి గోడలకు అంటుకుంటుంది. ఖాళీ చేసుకోలేక అక్కడే పుండు పడుతుంది. చెంప ఒకవైపే రోజంతా ఉబ్బి ఉంటే ఇదే అనుమానించాలి. దంతాల సంగతి కూడా చెప్పాలి. హామ్‌స్టర్ ముందు పళ్లు జీవితాంతం పెరుగుతాయి, వెనక దవడ పళ్లు పెరగవు. అవి తీపికి పుచ్చిపోతాయి, మన పళ్లలాగే. పంటి పుచ్చు మీద పరిశోధనలకు హామ్‌స్టర్లను వాడటానికి కారణం అదే.

మామిడికాయల జిల్లాలో మామిడిపండు పెట్టొద్దు అనడం కష్టంగానే ఉంటుంది. సిరియన్‌కు వారానికోసారి చిటికెన వేలి గోరంత ముక్క, తొక్క లేకుండా, సరే. కాంప్‌బెల్ రకానికి, చైనీస్ రకానికి పండ్లు అసలు వద్దు. వాటికి మధుమేహం వంశపారంపర్యంగా వస్తుంది. షాపుల్లో అమ్మే చిన్న రకాల్లో కాంప్‌బెల్, వింటర్ వైట్ కలిసిపోయినవి ఎక్కువ, కాబట్టి ఏ రకమో తెలియని చిన్న హామ్‌స్టర్‌ను కూడా ఈ లెక్కలోనే పెట్టండి. నీళ్లు ఉన్నట్టుండి ఎక్కువగా తాగడం, పక్క తడిసి ముద్దవడం మధుమేహానికి మొదటి గుర్తులు.

లడ్డూ గురించి రాయడానికి కొంచెం జంకు ఉంటుంది, ఎందుకంటే అది ప్రసాదం. భక్తి మనది, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష కలిసిన ఆ పొడిని 120 గ్రాముల ప్రాణికి రెండు గ్రాములు పెడితే ఎంతవుతుందో మాత్రం చూడండి. 60 కిలోల మనిషి ఒక కిలో తిన్నట్టు, అంటే 175 గ్రాముల లడ్డూలు దాదాపు ఆరు ఒక్క పూటలో. ప్రసాదం మనం కళ్లకద్దుకుని తిందాం, దానికి ఒక కొత్తిమీర రెమ్మ ఇద్దాం.

ఇదే చోట వంటింట్లో పెట్టకూడనివి కూడా చెప్పేస్తాం: ఉల్లి, వెల్లుల్లి, పచ్చి బంగాళాదుంప, టమోటా ఆకు, తొడిమ, ఉడకని రాజ్మా, నిమ్మ, బత్తాయి, చాక్లెట్, ఆపిల్ గింజలు, ఊరగాయ. కొత్తిమీర, మెంతి ఆకు, క్యారెట్, బీరకాయ, కీరా పెట్టవచ్చు. పాలకూర, గోంగూరల్లో ఆక్సలేట్లు (కాల్షియాన్ని పట్టేసుకునే పదార్థాలు) ఎక్కువ, తరచుగా వద్దు. ఆకులు పురుగుమందు పోయేలా రెండు మూడు నీళ్లలో కడగండి.

“అది శాకాహారి.”

కాదు. అడవిలో అది గింజలతో పాటు పురుగుల్నీ తింటుంది. వారానికి రెండు మూడుసార్లు ఉప్పు లేకుండా ఉడికించిన గుడ్డు లేదా కోడిమాంసం, రెండు గ్రాముల ముక్క, దానికి అవసరం. గర్భంతో ఉన్నదానికి, పాలిచ్చేదానికి రోజూ ఇవ్వాలి, లేకపోతే పిల్లల్ని తినేసే ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో గుడ్డు రానివ్వని కుటుంబాలు తిరుపతిలో చాలా ఉన్నాయి. వాళ్లు ఉప్పు లేని పనీర్, మెత్తగా ఉడికించిన పెసలు వాడుకోవచ్చు. అప్పుడు గుళికల్లో మాంసకృత్తులు 18కి తగ్గకుండా చూసుకోవాలి.

“కీరా ఉంటే నీళ్లు అక్కర్లేదు.”

100 గ్రాముల శరీరానికి రోజుకు సుమారు 10 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. కీరాలో 95 శాతం నీరే, కానీ 10 మిల్లీలీటర్లు రావాలంటే 10 గ్రాములకు పైగా తినాలి. అంత తింటే విరేచనాలు ఖాయం. రోజుకు మొత్తం కూరగాయలు 3–5 గ్రాములు మించకూడదు. మే నెలలో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు కోసిన ముక్క మూడు నాలుగు గంటల్లో పాడవుతుంది, తీసేయండి. పంజరానికి తగిలించే నీళ్ల సీసా గొట్టం కొనలో బంతి బిగుసుకుపోతే సీసా నిండుగానే కనిపిస్తుంది, చుక్క కూడా రాదు. పొద్దున, సాయంత్రం వేలితో తాకి చూడండి. నీళ్లలో విటమిన్ చుక్కలు కలపకండి. విటమిన్ సి బయటి నుంచి కావలసింది గినీ పందికి, హామ్‌స్టర్ దాన్ని తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. చుక్కల రుచికి నీళ్లే తాగడం మానేయవచ్చు.

“విరేచనాలకు అమాక్సిసిలిన్ చుక్క.”

ఇది ఎవరికీ పంపకండి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, పెన్సిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందులు హామ్‌స్టర్‌ పేగులోని మేలు చేసే సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా పెరిగి విషం విడుదల చేస్తుంది. పిల్లలకు మామూలుగా ఇచ్చే మందు దీని ప్రాణం తీసేది అందుకే.

కూరగాయలు ఎక్కువై మలం మెత్తబడితే, హుషారుగానే ఉంటే, పచ్చివి రెండు రోజులు ఆపి గుళికలు, ధాన్యం, నీళ్లు మాత్రమే పెట్టండి. తోక చుట్టూ తడి, దుర్వాసన, వీపు గూనిగా పెట్టుకుని కదలకపోవడం, తిండి ముట్టకపోవడం కనిపిస్తే అది వెట్ టెయిల్ (తడి తోక) అనే జబ్బు కావచ్చు. మూడు నుంచి పది వారాల వయసు పిల్లల్లో, కొత్తగా షాపు నుంచి తెచ్చినవాటిలో ఎక్కువ. ఇది లాసోనియా అనే బ్యాక్టీరియా తెచ్చే జబ్బు, కీరా తెచ్చేది కాదు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. రేపు చూద్దాం అనకుండా అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. తిరుపతిలో పశువైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రిలో అడగవచ్చు. వెళ్లేటప్పుడు గాలి ఆడే చిన్న డబ్బాలో దాని పాత పక్కే వేసి, ఎండ తగలకుండా పట్టుకెళ్లండి. తాజా మలం కొంచెం, పెడుతున్న తిండి ప్యాకెట్, చివరగా చూసిన బరువు రాసుకున్న కాగితం వెంట ఉంచుకోండి. ఇంట్లో ఇప్పటికే ఏ సిరప్పైనా పోసి ఉంటే దాని పేరు, ఎన్ని చుక్కలు, ఎప్పుడు పోశారో దాచకుండా చెప్పండి.