ఆశీలుకు వ్యాపారులు, కోటకు ఆక్రమణదారులా?

చంద్రగిరి కోటను బాగుచేయాలన్న మాట ఎప్పుడు లేచినా దాని వెనకే ఇంకో మాట వస్తుంది: ముందు దారి పక్కవాళ్లను లేపేయాలని. గోడల సందుల్లో మొలిచే మొక్కలు ఎవరి కంటా పడవు గానీ, గోనెపట్ట మీద సీతాఫలాలు పోసుకుని కూర్చున్న అవ్వ మాత్రం తొలిరోజే కంట్లో నలుసవుతుంది.

రాజమహల్‌కు, రాణీమహల్‌కు మరమ్మతులు జరగాల్సిందే. ట్రాఫిక్, చెత్త గురించిన ఫిర్యాదులూ ఉత్తవి కావు. వాటికి కావాల్సింది చెత్తబండి, పార్కింగు స్థలం. జేసీబీ ఎందుకు?

అసలు కపటం ఆశీలు దగ్గరుంది, అంటే దారి పక్క అమ్ముకునేవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుము దగ్గర. వసూలు హక్కును వేలం వేసేది స్థానిక సంస్థలే. పాటదారు మనిషి పొద్దున్నే వచ్చి బుట్టకింత, బండికింత అని తీసుకుని చీటీ చించి ఇస్తాడు. కొంగున ముడేసుకున్న ఆ చీటీ ఉడకేసిన శెనక్కాయలు అమ్ముడుపోయేలోపే చెమటకు నానిపోతుంది. డబ్బు తీసుకునేటప్పుడు ఆమె వ్యాపారి. కోటకు నిధులొస్తాయనగానే ఆక్రమణదారు!

పురావస్తు చట్టాన్ని చూపిస్తారు. 1958 నాటి ఆ చట్టానికి 2010లో చేసిన సవరణ రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో నిషేధించింది నిర్మాణాలను. గోనెపట్ట ఏ నిర్మాణం? కోట లోపల అమ్మకాలు వద్దంటే సరే, బయట దారికేమైంది? 50 ఏళ్లు దాటిన వీధి బజారును వారసత్వ బజారుగా ప్రకటించాలని, అక్కడివాళ్లను కదిలించకూడదని 2014 వీధి వ్యాపారుల చట్టం చెబుతోంది. అది పట్టణాలకే కదా అని తప్పుకోవచ్చు. ఆశీలుకు మాత్రం ఊరూ పట్నం తేడా లేదు.

హంపిలో ఏం జరిగిందో చూశాం. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ విజయనగరం అంగళ్లను చూసి అబ్బురపడి రాశాడు. ఆ వైభవాన్ని కాపాడతామంటూనే 2011 జులైలో విరూపాక్షాలయం ముందు బజారులో ఇళ్లు, దుకాణాలు కూల్చారు. అంగడి వీధిని కాపాడటానికి అంగళ్లు తీసేశారన్నమాట. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని హంపి నుంచి పెనుకొండకు, అక్కణ్నుంచి చంద్రగిరికి మారింది. ఇప్పుడు హంపి పద్ధతి కూడా ఆ దారినే రావాలా? ఒక్కసారి ఇక్కడ చెల్లితే రేపు ప్రతి కోట దగ్గరా ఇదే నమూనా.

పోనీ, రాతి మీద ప్రేమైనా నికార్సయిందా అంటే అదీ కాదు. తిరుమలలో మాస్టర్‌ప్లాన్ పేరు చెప్పి 2003లో వెయ్యికాళ్ల మండపాన్నే తీసేశారు. అప్పుడు వారసత్వం అడ్డు, ఇప్పుడు వారసత్వానికి బుట్టలు అడ్డు. 1639లో మద్రాసు తీరంలో చోటిచ్చి ఇంగ్లీషు కంపెనీ వర్తకులను కూర్చోబెట్టింది చంద్రగిరి రాజ్యమే. పరాయి వర్తకుడికి దొరికిన చోటు పక్క ఊరి రైతుకు కరువైంది!

టెండరు పిలిచే ముందు ఎవరెవరు ఎన్నేళ్లుగా అమ్ముకుంటున్నారో సర్వే చేయండి. చీటీ ఉన్న ప్రతి ఒక్కరికీ కోట దారిలోనే చోటు గీసి చూపించండి, ఊరి బయట ఖాళీ జాగాలో కాదు. అది చేతకాకపోతే ఇన్నేళ్లూ వసూలు చేసిన ఆశీలు తిరిగిచ్చి, ఆ తర్వాత ఆక్రమణ అనండి.